గేటు తెరుచుకునే ఆ ఒక్క క్షణం

"మావాడికి రోడ్డు తెలుసండీ. బండి వస్తే వాడే ఆగిపోతాడు." కుక్కను పట్టీ లేకుండా వీధిలోకి వదిలే ఇంట్లో ఎవరిని అడిగినా ఈ మాటే చెబుతారు. పిల్లి ఉన్న ఇంట్లో అయితే ఇంకొంచెం ధీమాగా, "పిల్లికి ఒకరు నేర్పాలా? ఎప్పుడూ గోడ మీదే తిరుగుతుంది" అంటారు. ఈ అధ్యాయం చదివాక మీరు వదిలేయాలని నేను కోరుకునేది ఈ నమ్మకాన్నే. పట్టీలు, వలలు, మైక్రోచిప్‌లు అన్నీ ఆ తర్వాతి సంగతులు.

కుక్కకు రోడ్డు తెలియదు. తెలిసినట్టు కనిపించేదంతా అలవాటు. రోజూ ఒకే వేళకు, ఒకే వీధిలో, అదే కొబ్బరిబోండాల బండి పక్కనుంచి నడిచే కుక్క ఆ దారిని గుర్తుపెట్టుకుంటుంది. ఎదురుగా ఉడత పరుగెత్తినా, అవతలి వైపు మరో కుక్క మొరిగినా, వెనకాల ఒక టైరు పేలినా ఆ అలవాటు అక్కడికక్కడే తెగిపోతుంది. వచ్చే బండి ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంతో వస్తోంది, మనం దాటేలోపు మన దగ్గరికి చేరుతుందా అనే లెక్క చిన్నపిల్లలకే అందదు. అందుకే పిల్లల్ని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తాం. కుక్కకు ఎన్నేళ్లు వచ్చినా ఆ లెక్క రాదు. కదిలేదాని వెంట పడటానికి ఏర్పడిన కన్ను దానిది. బండి కూడా దాని దృష్టిలో కదిలే వస్తువే.

పిల్లి సంగతి వేరు. భయం వేస్తే ముందు కదలకుండా బిగుసుకుపోవడం దాని స్వభావం. మసక చీకట్లో చూడటానికి ఏర్పడిన కళ్లలోకి హెడ్‌లైటు వెలుగు ఒక్కసారిగా పడితే కాసేపు దానికి ఏమీ కనిపించదు. అప్పుడది రోడ్డు మధ్యలోనే ఆగిపోతుంది, లేదా వచ్చిన వైపే వెనక్కి దూకుతుంది. డ్రైవరు ఈ రెండిట్లో దేన్నీ ఊహించలేడు.

చెన్నైలో నివాస వీధులకు పోలీసులు పెట్టిన వేగ పరిమితి గంటకు 30 కిలోమీటర్లు. ఆ పరిమితిని బుద్ధిగా పాటించే బండి కూడా సెకనుకు 8 మీటర్లకు పైగా ముందుకు వస్తుంది. డ్రైవరు చూసి, కాలు బ్రేకు మీద వేసేసరికే సుమారుగా ఆ సెకను గడిచిపోతుంది. మరి టి.నగర్ లోపలి వీధుల్లో, వడపళనిలో, సౌకార్‌పేటలో మన గేటుకీ రోడ్డుకీ మధ్య 8 మీటర్లు ఎక్కడున్నాయి? గేటు తీస్తే రోడ్డే. ఫుట్‌పాత్ ఉన్నచోట దాని మీద బైకులు నిలిపి ఉంటాయి. ఆ బైకుల సందులోంచి బయటపడేదాకా కుక్క ఎవరికీ కనిపించదు. అది రోడ్డు మీదికి వచ్చేశాక మీరు కేక వేసినా, డ్రైవరు ఎంత మంచివాడైనా, చేయగలిగింది చాలా తక్కువ. చేయగలిగినదంతా అంతకు ముందే, గుమ్మం దగ్గరే చేసుకోవాలి.

గేటు ఎవరి చేతిలో ఉంది?

ఒక కాగితం తీసుకుని మీ ఇంటి తలుపు లేదా గేటు రోజులో ఎప్పుడెప్పుడు తెరుచుకుంటుందో రాయండి. పాల ప్యాకెట్లు, పనిమనిషి, స్కూలు వ్యాను, చెత్తబండి, కొరియర్, గ్యాస్ సిలిండర్, సాయంత్రం భోజనం తెచ్చే డెలివరీ కుర్రాడు. వీటిలో మీరు స్వయంగా గేటు తీసేవి ఎన్ని? సగం కూడా ఉండవు. గేటు తీసే మనిషికి మీ కుక్క గురించి తెలియదు. తెలిసినా, రెండు చేతుల్లో సామాను ఉన్నవాడు కాలితో గేటు వేస్తాడు. అది పూర్తిగా పడదు.

చెన్నైలో దీనికి వాటర్ లారీ తోడవుతుంది. ఎండాకాలంలో లారీ వచ్చిందంటే గొట్టం గేటు లోంచి సంపు దాకా పరుచుకుని ఉంటుంది. నీళ్లు నిండేదాకా గేటు మూయడం కుదరదు. ఇంట్లోవాళ్ల చూపంతా సంపు మీదే ఉంటుంది. కుక్క జారిపోవడానికి ఇంతకంటే అనువైన సమయం లేదు. లారీ హారను వినగానే ముందుగా కుక్కను గదిలో పెట్టి తలుపు వేయండి, గేటు ఆ తర్వాతే. ఇది ఇంట్లో అందరికీ ఒక నియమం కావాలి. ఇల్లు మారేటప్పుడు, పెయింటింగ్ పని జరిగేటప్పుడు, పెళ్లికో పేరంటానికో చుట్టాలు దిగినప్పుడు కూడా ఇదే నియమం. ఆ రోజుల్లో ఇంట్లో ఒక మనిషి పేరు చెప్పి, "ఇవాళ కుక్క బాధ్యత నీది" అని అప్పగించండి. అందరి బాధ్యత అనుకున్నది చివరికి ఎవరిదీ కాకుండా పోతుంది.

తలుపు ఒక్కటే అడ్డుగా ఉన్న ఇల్లు ప్రమాదకరమైనది. జంతువుకూ రోడ్డుకూ మధ్య ఎప్పుడూ రెండు అడ్డులు ఉండాలి. సొంత ఇల్లయితే వరండా గ్రిల్, దాని తర్వాత గేటు. ఫ్లాటయితే గుమ్మంలో నడుము ఎత్తు చిన్న గేటు, దాని తర్వాత తలుపు. పసిపిల్లలు మెట్లు దిగకుండా పెట్టే అడ్డు గేటు సరిగ్గా సరిపోతుంది. గేటు దానంతట అదే మూసుకునేలా స్ప్రింగు వేయించండి. గేటు కింద ఎంత ఖాళీ ఉందో కొలవండి. కుక్కపిల్ల తల పట్టేంత ఉంటే శరీరమంతా పడుతుంది. ఇనుప షాపులో ఒక పట్టీ వెల్డింగ్ చేయించడం అరగంట పని.

సోళింగనల్లూరు, నావలూరు వైపు పెద్ద అపార్ట్‌మెంట్లలో ఉండే తెలుగు సాఫ్ట్‌వేర్ కుటుంబాలు తమకు ఈ గొడవ లేదనుకుంటాయి. పదో అంతస్తు, లిఫ్టు, సెక్యూరిటీ ఉన్నాయి కదా! అయితే లిఫ్టు తలుపు కిందకు వచ్చి తెరుచుకునే చోటు చాలా భవనాల్లో కార్లు తిరిగే పార్కింగే. లిఫ్టులోకి ఎక్కేముందే పట్టీని చేతికి చుట్టుకోండి. లిఫ్టు తలుపు తెరుచుకోగానే ముందు మీరు బయటికి, ఆ తర్వాతే కుక్క. బేస్‌మెంటు ర్యాంపు మలుపులో వచ్చే కారుకు మీ నడుము కనిపిస్తుంది, కుక్క కనిపించదు.

ఇక "ఆగు" నేర్పడం. గేటు దగ్గర కూర్చోవడం, మీరు రమ్మనేదాకా గడప దాటకపోవడం నేర్చుకున్న కుక్క చాలా ప్రమాదాల నుంచి తప్పించుకుంటుంది. నేర్పే పద్ధతి సులువు. కుక్కకు పట్టీ వేసి తలుపు కొంచెం తీయండి. అది ముందుకు దూకితే తలుపు మూసేయండి. కూర్చుంటే ఒక చిన్న తాయిలం ఇవ్వండి. మళ్లీ తీయండి. రోజుకు అయిదు నిమిషాలు చాలు, ఎక్కువసేపు విసిగించకూడదు. అరవడం, కొట్టడం అసలు వద్దు. తలుపు దగ్గర దెబ్బ తిన్న కుక్క తలుపు దాటగానే మీకు దూరంగా పరుగెత్తడం నేర్చుకుంటుంది. ఇంకొక్క మాట. మన ఇళ్లలో మనం తెలుగులో "ఆగు" అంటాం, పనిమనిషి తమిళంలో "నిల్లు" అంటుంది, పిల్లలు ఇంగ్లీషులో "స్టే" అంటారు. కుక్క దేన్నయినా నేర్చుకుంటుంది, కానీ ఇంటిల్లిపాదీ ఒకే మాట వాడాలి. వాచ్‌మన్‌కు కూడా ఆ మాట చెప్పి ఉంచండి.

అయితే "ఆగు" నేర్చిన కుక్కను కూడా పట్టీ లేకుండా బయటికి తీసుకెళ్లకూడదు. శిక్షణ అనేది రెండో అడ్డు, మొదటిది పట్టీయే.

పట్టీ ఎలాంటిది?

మన దగ్గర చాలామంది ఇనుప గొలుసు వాడతారు. గట్టిగా ఉంటుందని నమ్మకం. నిజానికి గొలుసు మధ్యలో తెగడం అరుదు, కొక్కెం దగ్గరే విడిపోతుంది. చెమట పట్టిన చేతిలోంచి జారుతుంది, ఒక్కసారిగా లాగితే అరచెయ్యి చీరుకుపోతుంది, ఆ నొప్పికి మీరే వదిలేస్తారు. నాలుగు నుంచి ఆరు అడుగుల నైలాన్ లేదా కాటన్ పట్టీ తీసుకోండి. దాని చివరి వలయంలో చెయ్యి దూర్చి, మణికట్టు మీదుగా తిప్పి, మిగిలింది గుప్పిట్లో పట్టుకోండి. బటన్ నొక్కితే సాగే రీలు పట్టీ పార్కులో బాగుంటుంది. రోడ్డు పక్కన దాన్ని వాడొద్దు. మీరు బటన్ వెతికేలోపు కుక్క పదిహేను అడుగుల దూరంలో, అంటే నడిరోడ్డు మీద ఉంటుంది.

మెడపట్టీ కంటే రొమ్ముకు వేసే హార్నెస్ మేలు. భయపడిన కుక్క ముందుకు లాగదు, వెనక్కి గుంజుతుంది. అప్పుడు మెడపట్టీ తల మీదుగా ఊడి వచ్చేస్తుంది. మెడపట్టీయే వాడేవారు పట్టీకీ మెడకీ మధ్య రెండు వేళ్లు మాత్రమే పట్టేలా బిగించాలి. పెరిగే పిల్లకు వారం వారం చూసుకోవాలి.

ఈ విషయంలో మన నాటు జాతుల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఇప్పుడు చెన్నైలో చిప్పిపారై, కన్ని, రాజపాళయం కుక్కల్ని పెంచేవారు పెరిగారు. అది మంచి మార్పు, ఈ ఎండకు తట్టుకునే జాతులు ఇవే. చిప్పిపారై, కన్ని కుందేళ్ల వేటకు పెరిగిన కుక్కలు. వాటి తల సన్నగా, మెడకు దాదాపు సమానంగా ఉంటుంది కాబట్టి మామూలు మెడపట్టీ ఇట్టే జారిపోతుంది. లాగినప్పుడు కొద్దిగా బిగుసుకునే మార్టింగేల్ అనే రకం పట్టీ గానీ, కడుపు దగ్గర ఇంకో పట్టీ ఉండే హార్నెస్ గానీ వీటికి అవసరం. కదిలేదాన్ని చూసి ఒకసారి పరుగందుకుంటే మీ పిలుపు వాటికి వినిపించదు. అది వాటి మొండితనం కాదు, తరతరాలుగా మనుషులు ఎంచి ఎంచి పెంచిన గుణం.

రాజపాళయం కుక్క పేరు తెచ్చుకున్న ఊరు విజయనగర కాలం తర్వాత తెలుగు రాజు కులస్థులు స్థిరపడిన ఊరు. ఆ కుక్కలంటే మనవాళ్లకు ఉండే అభిమానం అర్థం చేసుకోదగినదే. అయితే పూర్తిగా తెల్లటి ఒళ్లు, గులాబీ రంగు ముక్కు ఉండే ఈ జాతిలో పుట్టుచెవుడు కనిపిస్తుంది. పిల్లను తెచ్చుకోగానే అది నిద్రపోతున్నప్పుడు దానికి కనబడకుండా, గాలి తగలనంత దూరంలో నిలబడి చప్పట్లు కొట్టి చూడండి. చెవి కూడా కదపకపోతే డాక్టరుకు చూపించండి. హారను వినబడని కుక్క అని తెలిశాక దాని నడక వేళలు, దారులు, చేతి సైగలతో శిక్షణ అన్నీ వేరుగా ఏర్పాటు చేసుకోవాలి. తెలియకపోవడమే అసలు ప్రమాదం.

నడిచేటప్పుడు రోడ్డు వైపు మీరు, గోడ వైపు కుక్క. ఎదురుగా వచ్చే బండ్లు కనిపించేలా కుడి అంచున నడవండి. తెల్లవారుజామున, చీకటి పడ్డాక వెలుగు పడితే మెరిసే టేపు పట్టీకి, హార్నెస్‌కు అంటించండి. నల్లటి ల్యాబ్రడార్ రాత్రిపూట అశోక్ నగర్ వీధిలో ఎవరికీ కనిపించదు. మెట్రో రెండో దశ పనులు జరుగుతున్న దారుల్లో బారికేడ్ల పక్కన ఫుట్‌పాత్ హఠాత్తుగా ఆగిపోయి మిమ్మల్ని బస్సుల మధ్యలోకి దింపుతుంది. అలాంటి దారిలో కుక్కను నడిపించకండి. చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చినా లోపలి వీధులే మేలు. ఎండాకాలంలో తారు రోడ్డు మీద మీ చేతి వెనక భాగాన్ని ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీకు కాలితే దానికీ కాలుతుంది. పాదాలు కాలిన కుక్క నీడ ఎటు కనబడితే అటు దూకుతుంది. అవతలి వైపు కానుగ చెట్టు కింద నీడ ఉంటే మధ్యలో రోడ్డు ఉందని చూడదు.

వీధికుక్కల సంగతి కూడా మనసులో పెట్టుకోవాలి. 2024లో చెన్నై కార్పొరేషన్ చేయించిన లెక్కింపులో నగరంలో వీధికుక్కలు సుమారు 1.8 లక్షలని తేలింది. ప్రతి వీధీ ఒక గుంపు సరిహద్దు. మీ కుక్కను ఆ గుంపు తరిమితే అది పరుగెత్తే చోటు రోడ్డే. కాబట్టి ఒకే దారిలో, ఒకే వేళకు వెళ్లండి. గుంపుకు మీరిద్దరూ పరిచయం కావాలి. వీధికుక్కలకు అన్నం పెట్టే పుణ్యాత్ములు చాలామంది ఉన్నారు. దయచేసి ఆ అన్నాన్ని పెద్దరోడ్డు అంచున కాకుండా వీధి లోపల, గోడ పక్కన పెట్టండి. అవతలి వైపు కుక్కల్ని ఇవతలికి పిలిచి పెట్టకండి. ఆకలితో పరుగెత్తే జంతువు ఏ బండినీ చూడదు.

పట్టీ మీ కుక్క కోసమే కాదు. 2024 మే నెలలో నుంగంబాక్కం దగ్గర కార్పొరేషన్ పార్కులో రెండు రాట్‌వైలర్లు అయిదేళ్ల పాపను తీవ్రంగా గాయపరిచాక కార్పొరేషన్ నిబంధనలు బిగించింది. బహిరంగ స్థలాల్లో పట్టీ, కుక్కకు లైసెన్సు తప్పనిసరి. లైసెన్సుకు రేబిస్ టీకా ధ్రువపత్రం కావాలి. 2025లో మైక్రోచిప్ కూడా తప్పనిసరి చేశారు. బియ్యపు గింజంత ఉండే ఆ చిప్‌ను భుజాల మధ్య చర్మం కింద ఎక్కిస్తారు. దాంట్లో ఉండేది ఒక సంఖ్య మాత్రమే, అది దారి చూపించదు. ఆ సంఖ్యకు జతచేసిన మీ ఫోను నంబరు మారితే నమోదు కూడా మార్పించాలి. చిప్‌ను చదవడానికి యంత్రం కావాలి, వీధిలో మీ కుక్కను పట్టుకున్న ఇడ్లీ కొట్టాయన దగ్గర అది ఉండదు. అందుకే మెడకు ఫోను నంబరు చెక్కిన బిళ్ల వేరుగా ఉండాలి. పేరు అక్కర్లేదు, నంబరు చాలు.

పిల్లిని ఇంట్లో ఉంచడం క్రూరత్వం కాదు

పిల్లి స్వేచ్ఛాజీవి, దాన్ని కట్టడి చేయడం పాపమని మన పెద్దలు అంటారు. పెంకుటింటి పెరట్లో, బండి తిరగని ఊళ్లో ఆ మాట సరైనదే. కోడంబాక్కం ఫ్లాటులో కాదు. పిల్లి ఇంట్లో ఉండగలదు. దానికి కావాల్సినవి ఎక్కడానికి ఎత్తు, చూడటానికి కిటికీ, గీరుకోవడానికి కొబ్బరితాడు చుట్టిన కర్ర, రోజూ కాసేపు వేటలాంటి ఆట. ఇవి లేకుండా తలుపు మాత్రం మూస్తే అది రోజంతా తలుపు దగ్గరే కాచుకుని కూర్చుంటుంది.

బాల్కనీకి పావురాల కోసం వేయించే నైలాన్ వల చెన్నైలో దాదాపు ప్రతి వీధిలో కనిపిస్తుంది. అది పావురాన్ని ఆపుతుంది, పిల్లిని ఆపడం కష్టం. పిల్లి దాన్ని కొరికి, గోళ్లతో లాగి చీల్చగలదు. గట్టి వల గానీ, సన్నటి ఇనుప జాలీ గానీ ఫ్రేముకు బిగించండి. మూలలు, కింది అంచు ప్రత్యేకంగా చూసుకోండి.

ఇప్పటికే బయట తిరగడం అలవాటైన పిల్లిని ఒక్కరోజులో మార్చలేం. ముందు రాత్రుల నుంచి మొదలుపెట్టండి. రోడ్డు ప్రమాదాలు ఎక్కువగా జరిగేది చీకటి పడ్డాకే, అందులోనూ వయసులో ఉన్న మగ పిల్లులకే అని బ్రిటన్‌లో పశువైద్య పరిశోధకులు గమనించారు. పెద్ద భోజనాన్ని చీకటి పడకముందుకు మార్చండి. డబ్బా మూత తీసిన చప్పుడుకు అది ఇంట్లోకి వస్తుంది, తలుపు మూయండి, తెల్లారి బాగా వెలుతురు వచ్చాకే తీయండి. కొన్ని వారాల తర్వాత పగటి సమయాన్ని కూడా తగ్గించుకుంటూ రండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయిస్తే, ముఖ్యంగా మగ పిల్లుల్లో, దూరం తిరగడం బాగా తగ్గిపోతుంది. ఆరు నెలల వయసు దగ్గర డాక్టరును అడగండి. జత కోసం రోడ్డు దాటే పిల్లిని ఏ పాలూ ఏ చేపముక్కా ఇంట్లో ఆపలేవు.

కారున్నవారు, పిల్లి మీది కాకపోయినా, ఒక అలవాటు చేసుకోవాలి. వానాకాలంలో పిల్లులు, పిల్లికూనలు వెచ్చదనం కోసం ఇంజను సందుల్లోకి, చక్రాల పైకి ఎక్కి పడుకుంటాయి. ఎండాకాలంలో కారు కింద నీడలో ఉంటాయి. బండి తీసేముందు బానెట్ మీద రెండుసార్లు తట్టండి, కిందికి వంగి చూడండి.

బ్రిటన్‌లో 1988 నాటి రోడ్డు చట్టం ప్రకారం కుక్కను గుద్దిన డ్రైవరు ఆగి వివరాలు చెప్పాలి, పిల్లిని గుద్దితే ఆ నిబంధన వర్తించదు. ఇంగ్లండ్‌లో పెంపుడు పిల్లులకు మైక్రోచిప్ 2024 జూన్ 10 నుంచి తప్పనిసరి అయింది. కుక్కలకు అది 2016లోనే వచ్చింది. అంత జంతుప్రేమ ఉన్న దేశంలోనూ పిల్లి వంతు చివరికే వచ్చింది. మన దేశంలో జంతు హింస నివారణ చట్టం 1960లో వచ్చిందంటే దాని వెనక మద్రాసులో కళాక్షేత్రం స్థాపించిన రుక్మిణీదేవి అరండేల్ పట్టుదల ఉంది. 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలు ఆమే. ఈ నగరంలో జంతువును పెంచేవారు తెలుసుకుని గౌరవించాల్సిన పేరు అది.

టపాకాయలు, వానలు

చెన్నైలో స్థిరపడ్డ తెలుగు ఇళ్లకు దీపావళి రెండుసార్లు వస్తుంది. తమిళులు నరక చతుర్దశి తెల్లవారుజామునే తలంటుకుని టపాకాయలు కాలుస్తారు. మనం అమావాస్య సాయంత్రం దీపాలు పెట్టి కాలుస్తాం. తమిళనాడులో టపాకాయలకు అనుమతించిన వేళలు ఉదయం 6 నుంచి 7, రాత్రి 7 నుంచి 8. అసలు చప్పుడు పండగకు కొన్ని రోజుల ముందే మొదలై తర్వాత కూడా సాగుతుంది. ఆ వారమంతా కుక్కను బాగా తెల్లారిన తర్వాత, సాయంత్రం పొద్దు ఉండగానే నడిపించండి. చప్పుళ్ల వేళకు కిటికీలు మూసిన లోపలి గదిలో, ఫ్యాను, టీవీ శబ్దం పెట్టి, తోడుగా ఒకరు కూర్చోండి. భయం మరీ ఎక్కువైతే ముందే డాక్టరును కలవండి, మందులున్నాయి. మనుషులకు ఇచ్చే నిద్రమాత్ర మాత్రం ఇవ్వకండి. శవయాత్రల్లో డప్పులు, టపాకాయలు ఈ నగరంలో ఏ రోజైనా వినిపించవచ్చు. నడకలో దూరంగా డప్పు వినబడగానే వెనక్కి తిరగండి, దగ్గరికి వచ్చేదాకా ఆగొద్దు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు. నీళ్లు నిలిచిన రోడ్డులో గుంత ఎక్కడుందో, కాలువ మూత ఎక్కడ తెరిచి ఉందో మీకే తెలియదు. వీధి మూలల్లో ఉండే కరెంటు పిల్లర్ బాక్సుల దగ్గర నీళ్లు నిలిస్తే అటు అసలు వెళ్లకండి. కుక్క దాని మీద కాలెత్తే అలవాటు మీకు తెలుసు. వాన వాసనల్ని కడిగేస్తుంది కాబట్టి ఆ రోజుల్లో తప్పిపోయిన కుక్కకు ఇంటి దారి దొరకడం మరీ కష్టం. ఈ నగరంలో జంతువుల కోసం పనిచేసే బ్లూ క్రాస్ పుట్టింది కూడా వానల వల్లే. 1959లో టి.నగర్‌లో వరద నీళ్లలో కొట్టుకుంటున్న కుక్కపిల్లల్ని విమాన చోదకుడైన కెప్టెన్ వి. సుందరం ఇంటికి తీసుకెళ్లారు. పిట్టి త్యాగరాయ చెట్టి పేరు పెట్టుకున్న ఆ పేటలో మొదలైన పని తర్వాత గిండీ దగ్గర వేళచ్చేరి రోడ్డులో పెద్ద ఆశ్రయంగా ఎదిగింది. 1964 నుంచి వీధికుక్కలకు గర్భనిరోధక ఆపరేషన్లు చేస్తూ వచ్చింది. 1996లో కార్పొరేషన్ ఆ పద్ధతిని స్వీకరించింది.

చేతిలోంచి జారిపోతే

పట్టీ ఊడిపోయింది, కుక్క పది అడుగుల దూరంలో ఉంది. మీ ఒంట్లోని ప్రతి నరమూ దాని వెంట పరుగెత్తమంటుంది. పరుగెత్తకండి. మీరు తరిమితే అది ఇంకా వేగంగా, రోడ్డు వైపే వెళుతుంది. దాని పేరు సంతోషంగా పిలుస్తూ వ్యతిరేక దిశలో నాలుగడుగులు పరుగు తీయండి. చాలా కుక్కలు ఆట అనుకుని వెనక వస్తాయి. రాకపోతే నేల మీద కూర్చోండి, పక్కకు తిరిగి, చేతిలో ఏదో తింటున్నట్టు కవరు చప్పుడు చేయండి. అది దగ్గరకొస్తే మీద పడకుండా మెల్లగా హార్నెస్ పట్టుకోండి. వచ్చినందుకు కొట్టకండి. వచ్చినందుకు దెబ్బ తిన్నది మళ్లీ రాదు. చుట్టూ ఉన్నవాళ్లు సాయం చేయబోయి అందరూ ఒకేసారి తరమకుండా చూడండి. వాళ్లలో ఒకరిని బండ్లు ఆపమని అడగండి, అదే పెద్ద సాయం.

పిల్లి తప్పిపోతే దూరం వెళ్లి వెతకకండి. ఇంట్లోనే పెరిగిన పిల్లి ఎక్కువగా నాలుగైదు ఇళ్ల లోపే, మెట్ల కింద, జనరేటరు వెనక, కారు కింద కదలకుండా నక్కి ఉంటుంది. పిలిచినా పలకదు. అర్ధరాత్రి దాటాక వీధి నిశ్శబ్దమైనప్పుడు టార్చిలైటుతో వెళ్లండి, మెరిసే కళ్లు కనిపిస్తాయి. కనబడగానే పట్టుకోబోకండి. దాని గిన్నె, వాడిన దుప్పటి దగ్గర పెట్టి కూర్చోండి.

దెబ్బ తగిలితే

మొదట మీరు రోడ్డు మీద పడకుండా చూసుకోండి. వెనక బండ్లు ఆగాయని తెలిశాకే వంగండి. నొప్పితో ఉన్న జంతువు యజమానిని కూడా కరుస్తుంది. అది మిమ్మల్ని గుర్తుపట్టక కాదు, నొప్పికి. చున్నీ గానీ కండువా గానీ మూతికి చుట్టి చెవుల వెనక ముడి వేయండి. ఊపిరి కష్టంగా ఉన్నా, వాంతి అవుతున్నా మూతి కట్టకూడదు. పిల్లినైతే మందపాటి తువ్వాలులో చుట్టి అట్టపెట్టెలో పెట్టండి. వెన్నెముకకు దెబ్బ తగిలిందేమో తెలియదు కాబట్టి కాళ్లు పట్టి ఎత్తకుండా, చెక్క పలక గానీ డోర్‌మ్యాట్ గానీ కిందికి జరిపి, ఇద్దరు కలిసి ఎత్తండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడిచి గట్టిగా అదిమి పట్టుకోండి, మాటిమాటికీ తీసి చూడకండి. నీళ్లు, పాలు ఏమీ పట్టకండి. ఆపరేషన్ అవసరమైతే అవి అడ్డం వస్తాయి. పారాసిటమాల్ పొరపాటున కూడా వద్దు, ఒక్క మాత్రతో పిల్లి చనిపోవచ్చు. ఐబుప్రోఫెన్ కుక్కకూ పిల్లికీ హానే.

పైపెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. గులాబీ రంగు పోయి తెల్లబడితే లోపల రక్తస్రావం జరుగుతుండవచ్చు, ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయొద్దు. పిల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తుంటే అది కూడా అత్యవసరమే. ఇంకో రకం ప్రమాదం ఎక్కువమందిని మోసం చేస్తుంది. బండి తగిలి పడిన కుక్క లేచి, ఒళ్లు దులుపుకుని, ఇంటికి నడిచి వస్తుంది. గాయం కనిపించదు. ఊపిరితిత్తుల పక్కన గాలి చేరినా, ఉదరవితానం చిరిగినా, మూత్రాశయం పగిలినా మొదటి కొన్ని గంటలు జంతువు మామూలుగానే ఉండవచ్చు. బండి తగిలిన ప్రతి జంతువునూ, అది తోక ఊపుతున్నా సరే, అదే రోజు డాక్టరుకు చూపించాలి. ఆ తర్వాత రెండు రోజులు తిండి, మూత్రం, ఊపిరి గమనించాలి.

ఎక్కడికి తీసుకెళ్లాలో ఇవాళే తేల్చుకోండి. 1903లో మొదలైన మద్రాస్ వెటర్నరీ కాలేజీకి వేపేరిలో పెద్ద బోధనాసుపత్రి ఉంది. బీసెంట్ నగర్ వైపున్నవారికి బీసెంట్ మెమోరియల్ డిస్పెన్సరీ ఉంది. గాయపడిన వీధి జంతువులకు బ్లూ క్రాస్ ఉంది. వీటితోపాటు మీ పేటలో రాత్రిపూట తెరిచే ప్రైవేటు క్లినిక్ ఏదో ఫోను చేసి కనుక్కోండి. ఎన్ని గంటల దాకా డాక్టరు ఉంటారు, ఎక్స్‌రే ఉందా అని అడిగి ఆ నంబర్లను ఫ్రిజ్ తలుపు మీద పెద్ద అక్షరాలతో అంటించండి. జంతువును ఎక్కించుకునే ఆటో డ్రైవరు నంబరు కూడా పక్కనే రాయండి. మీ వీధి స్టాండులో ఒకరిని ముందే అడిగి ఉంచుకుంటే ఆ గడియలో బతిమాలే పని ఉండదు. సాయానికి వచ్చిన వారెవరికైనా పన్ను గానీ గోరు గానీ గీసుకుంటే సబ్బుతో పదిహేను నిమిషాలు ధారగా కడిగి, అదే రోజు రేబిస్ టీకా గురించి ఆసుపత్రిలో అడగాలి. మీ కుక్కకు టీకాలు వేయించి ఉన్నా సరే.

బతికి బయటపడిన జంతువు విషయంలో చాలామంది ఒకటి అనుకుంటారు, "ఇక జన్మలో రోడ్డెక్కదు" అని. అలా జరగదు. కొన్ని కుక్కలు హారను వింటేనే వణికిపోతాయి, ఆ వణుకులో పట్టీ తెంపుకుని ఎటు పడితే అటు పరుగెత్తుతాయి. కొన్ని కట్టు విప్పిన మర్నాడే మళ్లీ గేటు సందులో ముక్కు పెట్టి నిలబడతాయి. రెండిటికీ అదే హార్నెస్, అదే చిన్న పట్టీ, అదే "ఆగు" కావాలి. మొదటి వారం నడక ఇంటి ఆవరణలోనే చాలు. తర్వాత బండ్లు తక్కువగా ఉండే తెల్లవారు వేళ గేటు దాకా వెళ్లి, ఒక బైకు పోయేదాకా పక్కన కూర్చుని, ఒక తాయిలం ఇచ్చి వెనక్కి తీసుకురండి. ఎన్ని రోజులు పడుతుందనేది దాని మీదే ఆధారపడి ఉంటుంది.